ఇంకో మనిషి

మా సభలో ఒకటే రూలు. ప్రోగ్రాము రాసినవాళ్ళు దాన్ని చూపించకూడదు. ఇంకో మనిషి చూపించాలి.

కొత్తగా వచ్చినవాళ్ళకి ఈ గొడవ ఓ పట్టాన అర్థం కాదు. నెలకోసారి, మొదటి శనివారం మధ్యాహ్నం, లైబ్రరీ మేడమీద గదిలో చేరతాం. మేం రాసేవన్నీ తెరిచిపెట్టిన ప్రోగ్రాములు. ఎవరైనా ఊరికే తీసుకోవచ్చు, లోపల ఏం రాశామో చదువుకోవచ్చు, నచ్చకపోతే తమకి కావలసినట్టు మార్చుకోవచ్చు. సభా అంతే, దాని తలుపులు తెరిచే ఉంటాయి. కింద పేపర్లు చదివి చదివి విసుగెత్తిన పెద్దమనుషులు పైకొచ్చి వెనక కుర్చీల్లో కునుకు తీస్తుంటారు. వాళ్ళందరి ముందూ, ప్రోగ్రాముని తన ఇంట్లో తనంతట తను పెట్టుకుని వాడుతున్న మనిషెవరో లేచి, దాన్ని నడిపి చూపించాలి. రాసినవాళ్ళు ముందు వరసలో చేతులు కట్టుకుని కూర్చోవాలి. అది కాదు, పక్క బటన్ నొక్కండి అని ప్రాణం కొట్టుకుంటున్నా సరే, నోరెత్తకూడదు. ఇంటి పైపులన్నీ బొమ్మ గీసి చూపించే ప్రోగ్రాము ప్లంబరుది. దాన్ని నర్సు చూపిస్తున్నప్పుడు ఆయన చేతిరుమాలు నోట్లో కుక్కుకుని కూర్చోవడం నా కళ్ళతో చూశాను.

ఈ రూలు పెట్టింది లైబ్రేరియన్. ఆవిడకి ఒక్క లైను రాయడం రాదు గానీ మమ్మల్నందర్నీ చెప్పుచేతల్లో పెట్టుకుంది. మన వంట మనకెప్పుడూ బాగానే ఉంటుంది, పక్కింటావిడ మళ్ళీ వడ్డించుకుందా లేదా చూడాలి అంటుంది. ఏడాదిపాటు అలా వడ్డించుకునే మనిషి దొరక్కపోతే ఆ ప్రోగ్రాముకి విశ్రాంతి ఇస్తారు. పేరు గౌరవంగానే ఉంటుంది. అసలు సంగతేమిటంటే అటకెక్కించేస్తారు. ఇంక దానికి సభలో వంతు ఉండదు, మా అందరి ఉమ్మడి సర్వరులో చోటుండదు.

నా ప్రోగ్రాముకి ఆ ఏడాది పూర్తికావొచ్చింది. ఇంకో మనిషి దొరకలేదు.

నేను బస్సు డిపోలో టైమ్‌టేబుళ్ళు వేస్తాను. ఏ బస్సు ఎన్నింటికి బయల్దేరాలో, ఏ డ్రైవరు ఏ బండి ఎక్కాలో, ఎవరు ఏ స్టాపులో దిగి టీ తాగాలో తేల్చేది నేనే. ఊళ్ళో సగంమంది నేనెవరో తెలీకుండానే నన్ను రోజూ తిట్టుకుంటారు. సభలో నన్ను టైమ్‌టేబులమ్మా అంటారు. నేనూ పలుకుతాను. ఇంటికొచ్చాక పిలిచే మనిషి లేదు. ఇదివరకు ఉండేది, మా అక్క.

అక్కకి నలభై దాటాక చెవులు మెల్లిగా వెళ్ళిపోయాయి. ముందు ఫోను మోత వినపడటం మానేసింది, తర్వాత కెటిల్ ఈల, చివరికి నేను. ఒకరోజు వంటింట్లో కొళాయి తిప్పి మర్చిపోయింది. ఇల్లు చెరువైపోయి కింద అంతస్తు పైకప్పు నానిపోయింది. కిందింటాయన వచ్చి తలుపు బాదుతూనే ఉన్నాడు. అక్కేమో లోపల మంచమ్మీద కాళ్ళు పైకి పెట్టుకుని హాయిగా బట్టలు మడతపెట్టుకుంటోంది. డిపోనుంచి వచ్చిన నాకు ఆయన పెట్టిన చీవాట్లు ఇన్నీ అన్నీ కావు. అక్క మాత్రం ఆయన పెదాలకేసి చూసి, పాపం ఆయన కోపంలో కూడా మర్యాదగా ఉన్నారే అంది.

ఆ రోజే మొదలుపెట్టాను. గదికో చిన్న పెట్టె, పెట్టెలో మైకు, పైన దీపం. తలుపు కొడితే పసుపు, కొళాయి పారితే నీలం, కెటిల్ ఈలేస్తే ఎరుపు, ఫోను మోగితే ఆకుపచ్చ. చెప్పుకోడానికి అంతే. కానీ ఒకరింటి తలుపు చప్పుడు ఇంకొకరింటి తలుపుకి ఉండదు. అందుకని ఎవరు పెట్టుకున్నా ముందు తమ ఇంటి చప్పుళ్ళు ఒక్కొక్కటీ ఓపిగ్గా వినిపించి దానికి నేర్పుకోవాలి. అక్కా నేనూ ఎన్ని సాయంత్రాలు నేర్పామో. నేను బయటికెళ్ళి తలుపు కొట్టడం, లోపలికొచ్చి చూడటం, దీపం ఆకుపచ్చగా వెలిగి ఉంటే ఇద్దరం నెత్తి బాదుకోవడం. పసుపు వెలిగిన మొదటిసారి అక్క తనే వచ్చి తలుపు తీసి, ఎవరు కావాలండీ అంది. అంత మంచి రోజులు నాకు మళ్ళీ రాలేదు.

ఎందుకు రాలేదంటే, అక్కకి చెవులు వచ్చేశాయి. డాక్టర్లు తల లోపల ఏదో చిన్న యంత్రం పెట్టి, చెవి వెనక బొత్తాం అంత బిళ్ళ అతికించారు. ఆ బిళ్ళ పెట్టుకుంటే వినిపిస్తుంది, తీస్తే మళ్ళీ మామూలే. ఆ ఆసుపత్రిలోనే, అదే బిళ్ళ కోసం వచ్చిన దర్జీ ఒకాయన పరిచయమయ్యాడు. జాకెట్టు కుడతానని కొలతలు తీసుకున్నాడు, చివరికి అక్కనే తీసుకుపోయాడు. అరవై దగ్గరపడుతుంటే పెళ్ళేమిటని నేను ఒక్కమాట అనలేదు. ఆయనే కుట్టిన కొత్త బట్టలు కట్టుకుని, ఫొటోకి నవ్వి, ఇంటికొచ్చి, మిగతా గదుల్లో పెట్టెలన్నీ తీసేసి, అక్క గదిలో పెట్టె ప్లగ్గు ఊడపీకి ఆ గది తలుపు మూసేశాను. ఒళ్ళు మండిపోయింది నాకు. వాళ్ళుండేది ఊరికి ఆ చివర, నేను టైము వేసే బస్సు ఆఖరి స్టాపులో. రమ్మని అక్క పిలుస్తూనే ఉంది, నేను డిపోలో పని అంటూనే ఉన్నాను.

ప్రోగ్రాముని మాత్రం వదల్లేదు. రోజూ సాయంత్రం కూర్చుని ఏదో ఒకటి బాగుచేస్తూనే ఉన్నాను. అక్కకి అక్కర్లేకపోతేనేం, చెవులు వినపడనివాళ్ళు లోకంలో ఇంకెవరూ లేరా అని నా పంతం. సభకొచ్చే పళ్ళ డాక్టరు ఒకసారి వాళ్ళ నాన్నగారి కోసం పెట్టి చూశాడు. కుక్క మొరిగినప్పుడల్లా ఫోనొచ్చిందంటోందండీ, మా నాన్న హలో హలో అని అలిసిపోతున్నాడు అని తెచ్చి ఇచ్చేశాడు. ముందు నేర్పాలండీ అన్నాను. నేర్పే ఓపిక ఉంటే పక్కనే కూర్చుని కబుర్లే చెప్తాను కదండీ అన్నాడు. ఆయనన్నదాన్లో తప్పులేదు, అందుకే నాకు కోపమొచ్చింది.

అలా ఉండగా, ఓ ఉదయం నా తెరమీద ఒక చుక్క పడింది.

ఆ చుక్కల సంగతి చెప్పాలి. పెట్టెలు ఏ చప్పుళ్ళు సరిగ్గా పట్టుకుంటున్నాయో నాకు తెలియడం కోసం, అవి విన్నదాన్ని రంగు చుక్కలుగా నా తెరమీదికి పంపేటట్టు రాశాను. ఆ మాట విని అక్క అప్పట్లో నామీద విరుచుకుపడింది. ఇంట్లో సంగతులు వీధిలో పెడతావా అని. అందుకని ఆ చుక్కలు ఏ ఇంటివో, ఏ వీధివో, ఏ గంటవో ఎవరికీ తెలియకుండా చేశాను. ఒక్కో రోజు చుక్కల్ని కలగాపులగం చేసి, కొన్నాళ్ళు ఆపి మరీ పంపుతాయి. ఫలానా ఇల్లు అని రాసినదాన్ని నేను కూడా కనిపెట్టలేను. ఈ ఏర్పాటు విని సభలో అందరూ శభాష్ అన్నారు, నేనూ పొంగిపోయాను.

అక్క వెళ్ళాక ఆ తెర ఖాళీగానే ఉండేది. ఇప్పుడు నీలం చుక్కలు, మధ్యలో ఒక ఎరుపు. ఎవరో కొళాయి తిప్పుతున్నారు, ఎవరో కెటిల్ పెట్టుకుంటున్నారు. ఎక్కడో ఒక ఇంట్లో నా పెట్టె వెలుగుతోంది. నేను లేచి హాల్లో అటూ ఇటూ నడిచాను. పొద్దున్నే టీ కప్పుతో ఆ తెర ముందు కూర్చోవడం అప్పట్నుంచి అలవాటైపోయింది. ఆ మనిషికి పేరు లేదు కాబట్టి, మా చుట్టం అనుకునేదాన్ని.

మా చుట్టం ఒంటి మనిషని త్వరగానే తెలిసిపోయింది. కెటిల్ రోజంతటికీ రెండేసార్లు. ఇద్దరుంటే ఆ లెక్క వేరేగా ఉంటుంది. ఫోను ఎప్పుడో గానీ మోగదు. పసుపు చుక్క మాత్రం ఒక్కటీ లేదు. వారాలు గడిచినా ఆ తలుపు ఎవరూ కొట్టలేదు. ఏం మనుషులో, ఇంత పెద్ద లోకంలో పలకరించే దిక్కు లేదా అని ఆ చుట్టం తరపు బంధువుల్ని నేను మనసులో తిట్టుకునేదాన్ని.

ఒకసారి రోజంతటికీ ఒక్క చుక్క పడలేదు. కొళాయి లేదు, కెటిల్ లేదు. నేను అప్పుడే జ్వరం తగ్గి లేచి డిపోకి వెళ్ళడం మొదలుపెట్టాను, ఇంకా నీరసంగానే ఉంది. అయినా నా బాధ నాకు గుర్తులేదు. ఆ మనిషి పడిపోయారేమో, మంచినీళ్ళిచ్చేవాళ్ళయినా ఉన్నారో లేదో అని ఒకటే బెంగ. మర్నాడు ఒక నీలం చుక్క పడితే గానీ ముద్ద దిగలేదు. డిపోలో కంట్రోలరు, ఇంట్లో ఎవరికైనా బాగాలేదా అని అడిగాడు. మా చుట్టానికి అన్నాను.

సభకి ముందువారం లైబ్రేరియన్ని కలిసి, ఇదుగో ఇంకో మనిషి ఉన్నారు అని చుక్కలు చూపించాను. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసింది. చుక్కలు లేచి నిలబడి మాట్లాడతాయా టైమ్‌టేబులమ్మా, ఆ మనిషిని తీసుకురా అంది. వచ్చే శనివారం రాకపోతే మాత్రం విశ్రాంతే అని మెత్తగానే చెప్పింది.

తీసుకురావడం ఎలా? ప్రోగ్రాము పేజీలో పెద్దక్షరాలతో పిలుపు రాశాను. మీరెవరో నాకు తెలీదు, తెలుసుకోను కూడా, ఒక్క శనివారం వచ్చి చూపిస్తే చాలు అని. జవాబు లేదు. చదవడానికి చెవులతో పనేమిటి, కళ్ళున్నాయి కదా అని చిరాకుపడ్డాను. మళ్ళీ, బయటికి రావడానికి భయమేమోలే అని నేనే సర్దుకున్నాను. చివరికి చేయకూడని పని చేశాను. ప్రోగ్రాము కొత్త కూర్పులో ఒక పలకరింపు పెట్టాను. గురువారం పొద్దుగూకే వేళ పెట్టె మీద దీపం అన్ని రంగుల్లోనూ ఒకదాని తర్వాత ఒకటి చాలాసేపు వెలగాలి. అది చూసి పెట్టె మీద బటన్ నొక్కితే, ఆలస్యం లేకుండా నా తెరమీద ఊదారంగు చుక్క పడాలి. అడక్కుండా ఇంకొకరింట్లో దీపం వెలిగించడం మా సభలో ఎవరికన్నా తెలిస్తే నన్ను కడిగేసేవాళ్ళు. పెట్టెలు కొత్త కూర్పుని వాటంతటవే తీసుకుంటాయి. అక్కకి శ్రమ ఉండకూడదని అప్పట్లో అలా రాశాను.

గురువారం డిపోనుంచి తొందరగా వచ్చి హాల్లో తెర ముందు కూర్చున్నాను. చీకటి పడుతోంది. ఒక్కదాన్నే ఉంటే లైటు వేసుకోవాలని తోచదు నాకు, అలాగే కూర్చున్నాను. ఎదురుగా తెర తెల్లగా ఉంది. మా చుట్టం ఇప్పుడు చూస్తూ ఉంటుంది, లేస్తుంది, దగ్గరికి వస్తుంది అనుకుంటూ తెరకేసే చూస్తున్నాను. అప్పుడు నా కాళ్ళ దగ్గర నేల ఎర్రగా కనిపించింది. తర్వాత నీలంగా.

అక్క గది తలుపు కింద సందులోంచి వస్తోంది ఆ వెలుతురు.

లేచి వెళ్ళి తలుపు తీశాను. అక్క వెళ్ళాక ఆ గదిలో అడుగుపెట్టలేదు. కిటికీ గట్టు మీద పెట్టె ఉంది, ప్లగ్గు గోడకి ఉంది. దీపం పసుపైంది, ఆకుపచ్చైంది, మళ్ళీ ఎరుపైంది. గోడకి అవతల మా వంటిల్లు. నేను కొళాయి తిప్పినప్పుడల్లా ఇక్కడ వెలుగుతూ ఉంది, వంటింట్లో ఉన్న నాకెలా కనిపిస్తుంది? చెయ్యి చాపి బటన్ నొక్కాను. వెనక్కి తిరిగి చూస్తే హాల్లో తెరమీద ఊదారంగు చుక్క ఉంది.

ఒక్కొక్కటే గుర్తుకొచ్చింది. రోజంతా ఒక్క చుక్కా పడనిది, ఆలస్యంగా వచ్చే ఆ నాళ్ళు వెనక్కి లెక్కేస్తే, నేను జ్వరంతో లేవలేక పడుకున్న రోజు. ఎవరూ కొట్టని తలుపు మా తలుపు. నేను తిట్టిపోసిన బంధువులు ఎవరో తలుచుకుంటే నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. అక్క మంచమ్మీద కూర్చుని గట్టిగానే ఏడ్చాను. ఆ ఇంట్లో ఎవరో ఉన్నారన్న ధైర్యంతో ఇన్నాళ్ళూ పొద్దున్నే లేచాను. ఇప్పుడు ఆ ఒక్కరూ లేరు.

దీపం ఆరాక అక్కకి ఫోన్ చేశాను.

పెట్టె నువ్వే పెట్టావా అని అడిగితే, అవును, స్వెట్టర్ల కోసం వచ్చినప్పుడు, నువ్వు డిపోలో ఉన్నావు అంది. తన దగ్గరున్న తాళంచెవితోనే వచ్చి వెళ్ళిందట. గది బొత్తిగా కళ తప్పి ఉందని, చూడలేక ప్లగ్గు పెట్టేసి వచ్చానని చెప్పింది. ఒక మాట చెప్పొచ్చు కదా అన్నాను. చెప్తే పీకేసేదానివి కాదా అంది. అది నిజమే.

అప్పుడు అసలు మాట అడిగాను. శనివారం సభకి రావాలి, ఆ పెట్టె చూపించాలి, ఆ పదినిమిషాలూ చెవి వెనక బిళ్ళ తీసి పక్కన పెట్టాలి. వినిపిస్తూ చూపిస్తే దాని విలువ ఎవరికి తెలుస్తుంది? ఇంకో మనిషివి నువ్వున్నావు కదా, నాకు ముందే తట్టలేదు అన్నాను. నా గొంతులో సంతోషం నాకే వినిపించింది.

అవతల ఇంకా కుట్టుమిషను నడుస్తున్న చప్పుడు వినిపిస్తోంది.

"తియ్యను," అంది.

"పది నిమిషాలే అక్కా."

"పది నిమిషాలైనా తియ్యను. నాకు చెవులు లేని రోజులు నీకు బాగున్నాయేమో. నాకు బాలేదే."

ఇంట్లో అసలు తియ్యవా ఏమిటి అని వాదించాను. తీస్తానంది. సాయంత్రం పని అయిపోగానే ఆయనా తనూ ఇద్దరూ బిళ్ళలు తీసి గూట్లో పెట్టేస్తారట. ఆ వేళ ఎవరి గోలా అక్కర్లేదట.

"అక్కడ నాతోపాటు ఆయనా వినరు. మీ సభలో నేనొక్కదాన్నే కదా," అంది. మళ్ళీ, "నువ్వెప్పుడైనా వచ్చి ఉంటే తెలిసేది," అంది.

నేను ఫోను పెట్టేశాను. కోపంతో పెట్టేశానని తను అనుకుని ఉంటుంది. కోపం కాదు. తనకి చెవులు లేని ఆ పదేళ్ళూ ఇద్దరం బాగున్నామనే అనుకుంటూ వచ్చాను. బాగున్నది నేనొక్కదాన్నేనని ఇప్పుడు తెలిసింది.

శనివారం మేడమీద గది మామూలుగానే ఉంది. ముందు నర్సు ప్రోగ్రాముని బేకరీ ఆయన చూపించాడు, చప్పట్లు కొట్టాం. తర్వాత లైబ్రేరియన్ నా ప్రోగ్రాము పేరు చదివి, చూపించేవాళ్ళెవరని అడిగింది. ఎవరూ లేవలేదు. నేను లేచాను. చుక్కల సంగతి, గురువారం సంగతి, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఇంకొకరింట్లో దీపం వెలిగించబోయానని కూడా చెప్పాను. తిట్టండి, తర్వాత విశ్రాంతి ఇచ్చెయ్యండి అని కూర్చోబోయాను.

కానీ మావాళ్ళు అంత తేలిగ్గా వదిలే రకం కాదు. పళ్ళ డాక్టరు లేచి, మూడు నెలలు తనే వాడుతున్నానని తనకే తెలీకుండా వాడింది, కాబట్టి ఈవిడ ఇంకో మనిషి కిందే లెక్క అన్నాడు. ప్లంబరు ఒప్పుకోలేదు. అయితే రేపు నేనూ మతిమరుపని చెప్పి నా పైపులు నేనే చూపిస్తానన్నాడు. నర్సు, తెలిసి వాడటానికీ తెలీక వాడటానికీ చాలా తేడా ఉందంది. ఎవరో రూలు మళ్ళీ చదవమన్నారు. ఇంకో మనిషి అంటే ఇంకో ఒళ్ళా, ఇంకో మనసా అని బేకరీ ఆయన అడిగాడు. వెనక కునుకు తీస్తున్న పెద్దాయన లేచి, ఎవరు పోయారని పక్కాయన్ని అడిగాడు. నా గురించి మనుషులు ఇంత ప్రేమగా వాదించుకోవడం అంతవరకు చూడలేదు. వాళ్ళ మధ్యలో నేను చేతులు కట్టుకుని, రూలు ప్రకారం నోరెత్తకుండా కూర్చున్నాను.

చివరికి నేను ఇంకో మనిషినా కాదా అని ఓటు పెట్టారు. అవునన్నవాళ్ళు ముందు చేతులెత్తారు. చాలామందే ఉన్నారు, పేపర్లు చదివే పెద్దమనుషులు కూడా. తర్వాత కాదన్నవాళ్ళు. రెండూ సమానంగా వచ్చాయని లైబ్రేరియన్ తల పట్టుకుంది. నేను నా చెయ్యెత్తాను, కాదన్న వైపు.

పళ్ళ డాక్టరు నావైపు జాలిగా చూశాడు. జాలి దేనికో నాకర్థం కాలేదు. నాకు కావలసింది ఇంకో మనిషి. అది నేనేనని ఒప్పేసుకుంటే ఇంక ఎవరి కోసం చూడాలి? లైబ్రేరియన్ వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది. అటక మీద దుమ్ము పట్టనివ్వనులే అంది. సరేనన్నాను.

సభ అయ్యాక అందరూ ఇద్దరిద్దరుగా మెట్లు దిగారు. నేను బస్సు స్టాపుకి నడిచాను. మా ఇంటి బస్సు వచ్చింది, ఎక్కలేదు. తర్వాత ఆఖరి స్టాపుదాకా వెళ్ళే బస్సు వచ్చింది, నేను వేసిన టైముకి బాగా ఆలస్యంగా. ఎక్కి కూర్చున్నాను. ఏం చెప్పాలో ఒకటి రెండు మాటలు సిద్ధం చేసుకోబోయాను గానీ ఏవీ కుదరలేదు.

దర్జీ ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. ముందు గదే కొట్టు. బయట గుమ్మం పక్కన, కుట్టిన గౌను తొడిగి నిలబెట్టిన బొమ్మ ఒకటి ఉంది, చేతులూ తలా లేవు. తలుపు వేసి ఉంది. తలుపుకి పైసగం అద్దం. లోపల లైటు కింద అక్కా ఆయనా బల్లకి చెరోవైపూ కూర్చుని ఉన్నారు. అక్క చేతులతో ఏదో చెబుతోంది. ఆయన నవ్వుతూ రెండు వేళ్ళు పైకెత్తి తల అడ్డంగా ఊపాడు. అక్క బల్లమీద కొట్టి మరీ నవ్వింది. తన చెవి వెనక బిళ్ళ లేదు.

తలుపు కొట్టాను. వాళ్ళు చూడలేదు. గట్టిగా కొట్టాను. అద్దం మీద అరచేత్తో బాదితే కంపించి అయినా తెలిసేదేమో. దీపం ఉంటే ఈపాటికి పసుపు వెలిగేది అన్న మాట మనసులోకి వచ్చింది, వచ్చినందుకు నామీద నాకే విసుగేసింది. ఎవరి గోలా అక్కర్లేని వేళ అని అక్క చెప్పనే చెప్పింది. చెయ్యి కిందికి దించేశాను.

పక్కింటావిడ బకెట్టుతో బయటికొచ్చి, ఈ వేళప్పుడు వాళ్ళు పలకరండీ, కాసేపుంటే బొమ్మని లోపల పెట్టడానికి ఆయనే వస్తారు అంది. ఎవరు మీరు అని అడగలేదు. అడిగితే ఏం చెప్పేదాన్నో. నేను వెళ్ళి ఆ బొమ్మ పక్కన నిలబడ్డాను. వీధిలో పోయేవాళ్ళు ఒకరిద్దరు ముందు గౌనుకేసి, తర్వాత నాకేసి చూసి వెళ్ళారు. లోపల్నించి చప్పుడు లేదు. వెళ్ళిపోదామని రెండుసార్లు అనుకున్నాను. ఇంటికెళితే ఏముంది, అదీ తెలుసు. నిలబడ్డాను.

బాగా చీకటిపడ్డాక తలుపు తెరుచుకుంది. ఆయన బొమ్మ నడుం పట్టుకుని ఎత్తబోతూ నన్ను చూసి, ఉలిక్కిపడి వదిలేశాడు. బొమ్మ నామీదికి ఒరిగింది, నేను పట్టుకున్నాను.

"ఎంతసేపైందమ్మా వచ్చి?" అన్నాడు. తన గొంతు తనకి వినపడని మనిషి మాట్లాడినట్టు, వీధంతా వినపడేలా అన్నాడు.

"ఇప్పుడే బావా," అన్నాను.

పెళ్ళయిన రోజునుంచీ ఆయన్ని నేను ఏమనీ పిలవలేదు. ఆయనకి వినపడలేదు. ఏమన్నావన్నట్టు వంగి, నా పెదాలకేసి చూస్తూ నిలబడ్డాడు. బొమ్మని రెండు చేతులా పట్టుకునే, ఇంకోసారి, నెమ్మదిగా, బావా అన్నాను.